నల్లులు: తరచుగా అడిగే ప్రశ్నలు (మందు కొట్టే ముందు చదవండి)

ఇంట్లో నల్లులు పడ్డాయని ఎవరూ పైకి చెప్పుకోరు. ఫోన్‌లో గొంతు తగ్గించి అడుగుతారు. అదీ అప్పటికే రెండు రకాల స్ప్రేలు కొట్టి, పరుపు ఎండలో వేసి, ఏదీ పని చేయలేదని తేలాక. హాస్టల్ పిల్లలు, అద్దె ఇళ్ళవాళ్ళు, అమెరికాలో చదువుతున్న పిల్లల తల్లిదండ్రులు పదేపదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి. అన్నీ చదివే ఓపిక లేకపోతే పురుగుమందుల షాపు గురించిన జవాబు ఒక్కటైనా చదవండి.

కుట్టింది నల్లేనా, దోమా? ఎలా తెలుస్తుంది?

దద్దుర్లు చూసి చెప్పలేం. డాక్టర్‌కు చూపించినా ఆయనా ఖచ్చితంగా చెప్పలేరు. వరసగా మూడు దద్దుర్లు ఉంటే నల్లే అనే మాట బాగా ప్రచారంలో ఉంది గానీ, దాన్ని నమ్ముకోకండి. దోమ కాట్లూ అలా వరసలో పడొచ్చు, నల్లి ఒక్కచోట కుట్టి వెళ్ళిపోనూ వచ్చు. పైగా నల్లి కుట్టిన దద్దురు అప్పటికప్పుడే రావాలని లేదు. కొందరికి కొన్ని రోజుల తర్వాత తేలుతుంది, కొందరికి అసలు రాదు. ఒకే మంచం మీద పడుకున్న భార్యాభర్తల్లో ఒకరికి చేతులన్నీ పొంగిపోతే, రెండోవారు “నన్నేం కుట్టడం లేదే, అంతా నీ అనుమానం” అనడం మామూలే. ఆ రెండోవారినీ కుడుతున్నాయి. ఒంటికి తెలియడం లేదంతే.

అందుకని చూడాల్సింది ఒళ్ళు కాదు, మంచం. పరుపు అంచు కుట్టు వెంట, దుప్పటి మూలల్లో, మంచం చెక్కల కీళ్ళ దగ్గర సన్న పెన్ను మొనతో పెట్టినట్టు నల్లటి చుక్కలు గుంపుగా కనబడితే అనుమానించాలి. అవి నల్లుల రెట్టలు, అంటే అరిగిన రక్తం. తడిగుడ్డతో రుద్దితే దుమ్ములా రాలిపోవు, ముదురు గోధుమరంగులో అలుక్కుపోతాయి. వాటి పక్కనే పొట్టులాంటి కుబుసాలు, ఒక మిల్లీమీటరు పొడవున్న తెల్లటి గుడ్లు ఉంటాయి. దుప్పటి మీద చిన్న రక్తపు మరకలుంటే నిద్రలో పక్కకు తిరిగినప్పుడు రక్తం తాగిన నల్లి నలిగిందని అర్థం.

ఎదిగిన నల్లి పొడవు 5 నుంచి 7 మిల్లీమీటర్లు. రంగు ఎరుపు కలిసిన గోధుమ. ఆకలి మీదున్నప్పుడు బాగా పల్చగా, తాగాక ఉబ్బి ఎర్రగా ఉంటుంది. రెక్కలు లేవు, ఎగరదు, దూకదు. దూకితే అది నల్లి కాదు. అప్పుడే పొదిగిన పిల్ల ఒకటిన్నర మిల్లీమీటర్లే, ఎండుగడ్డి రంగులో ఉంటుంది కాబట్టి తెల్ల దుప్పటి మీద కూడా సులువుగా కంటికి ఆనదు.

ఇల్లు శుభ్రంగానే ఉంచుతాం. అయినా ఎందుకు వచ్చాయి?

శుభ్రతకూ నల్లులు రావడానికీ సంబంధం లేదు. బొద్దింకకు మీ వంటింట్లో మెతుకులు కావాలి. నల్లికి కావాల్సింది మీ రక్తం, అది అద్దంలా తుడిచిన ఇంట్లోనూ దొరుకుతుంది. సామాను ఎక్కువగా పోగుపడిన ఇంట్లో దాక్కునే చోట్లు ఎక్కువ కాబట్టి వదిలించడం కష్టం, అంతవరకే.

అవి నడుచుకుంటూ ఊళ్ళు దాటి రావు. సూట్‌కేసు, హాస్టల్ నుంచి వచ్చిన పరుపు చుట్ట, సెకండ్ హ్యాండ్ సోఫా, ల్యాప్‌టాప్ బ్యాగు, వీటిలో దాక్కుని వస్తాయి. అపార్ట్‌మెంట్లలో అయితే గోడలో వైర్లు పోయే పైపుల వెంట పక్క ఫ్లాటుకు కూడా చేరతాయి. కడుపుతో ఉన్న ఆడ నల్లి ఒక్కటి వచ్చినా చాలు. కాబట్టి పనిమనిషినో, పోయిన వారం వచ్చి వెళ్ళిన చుట్టాన్నో అనడం మానేసి, గత రెండు మూడు నెలల్లో ఇంట్లోకి ఏయే సామాను వచ్చిందో గుర్తు చేసుకోండి. సాధారణంగా జవాబు అక్కడే ఉంటుంది.

రాత్రిళ్ళే ఎందుకు కుడతాయి? లైటు వేసుకుని పడుకుంటే రావా?

వస్తాయి. నల్లికి చీకటి ఇష్టమే గానీ, ఆకలి అంతకంటే పెద్దది. మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, ఒంటి వేడి, ఒంటి వాసన, ఈ మూడింటిని బట్టి మనిషి కదలకుండా పడుకున్నాడని దానికి తెలుస్తుంది. నైట్ షిఫ్ట్ చేసి పగలు నిద్రపోయేవాళ్ళను పగలే కుడతాయి. ఒకసారి వస్తే తాగడానికి ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. దాని ఉమ్మిలో కుట్టిన చోట తిమ్మిరి తెప్పించే, రక్తం గడ్డకట్టనివ్వని పదార్థాలు ఉంటాయి కాబట్టి మెలకువ రాదు. కడుపు నిండగానే తిరిగి సందులోకి వెళ్ళిపోతుంది, మళ్ళీ కొన్ని రోజుల దాకా బయటికి రాదు. అంటే ఏ రాత్రైనా మీ మంచం మీదికి వచ్చేది మొత్తం మందలో కొద్ది భాగమే, మిగతావి లోపలే ఉంటాయి. రాత్రి రెండు గంటలకు లేచి, టార్చి వేసి, కనబడిన నాలుగింటిని చంపి హాయిగా పడుకోవడంలో పెద్ద లాభం లేకపోవడానికి కారణం ఇదే.

అవి ఎక్కడ దాక్కుంటాయి? మంచం అంతా చూశాను, ఏమీ లేదు.

మంచం అంతా చూశాననేవాళ్ళలో చాలామంది పరుపు పైభాగం మాత్రమే చూసి ఉంటారు. పాత ఏటీఎం కార్డు, మంచి టార్చి, స్క్రూడ్రైవర్ తీసుకోండి. కార్డు అంచు పట్టేంత సందు ఏదైనా నల్లికి ఇల్లే.

మొదట పరుపు. అంచు చుట్టూ తాడులా ఉండే కుట్టును వేళ్ళతో విప్పదీస్తూ నాలుగు వైపులా చూడాలి. కంపెనీ లేబుల్ వెనక, జిప్పు మడతలో చూడాలి. తర్వాత పరుపు లేపి కింది ప్లైవుడ్ పలకలు తీసేయాలి. పలక పైకి నున్నగా ఉన్నా, దాని కింది వైపు, ఫ్రేము మీద ఆనే చోట నల్లటి చుక్కలు బారులు తీరి ఉంటాయి. స్క్రూల గుంతలు, తలవైపు చెక్క వెనక భాగం, సొరుగు మంచమైతే సొరుగు పట్టాలు, ఏదీ వదలకూడదు. నులక మంచమైతే తాడు ముడులు, పట్టె కోడులో (మంచం కాలులో) దిగే చోటు. నవారు మంచమైతే నవారు ఒకదాని మీద ఒకటి పడే మడతలు.

హాస్టల్ ఇనుప మంచాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇనుముకు నల్లులు పట్టవని ఓనర్లు ధీమాగా చెప్తారు. ఆ మంచం బోలు పైపులతో చేసింది. పైపు చివర ఉండే నల్ల ప్లాస్టిక్ మూత లాగి, కింద తెల్ల కాగితం పెట్టి, పైపును స్పానర్‌తో నాలుగు దెబ్బలు కొట్టండి. నేను చూసిన ఒక గదిలో రెండుసార్లు మందు కొట్టించాక కూడా అలా కొడితే కాగితం మీద కుబుసాలు, రెట్టల పొడి, వాటి మధ్య పాకుతున్న నల్లులు రాలాయి. మందు పైపు బయట పడింది, అవి లోపల ఉన్నాయి.

మంచం అయ్యాక చుట్టూ ఒకటిన్నర మీటర్ల మేర గోడ చూడాలి. క్యాలెండర్ వెనక, మేకు గుంత, స్విచ్‌బోర్డు (మెయిన్ ఆపి), కర్టెన్ పైమడతలు, ప్లాస్టిక్ కుర్చీ కింది గాడులు, ఫోన్ చార్జింగ్ పెట్టుకునే ఎక్స్‌టెన్షన్ బాక్సు. మంద పెరిగే కొద్దీ మంచానికి దూరంగా పోతాయి. అందులో ఒక కారణం కాస్త విచిత్రమైనది. మగ నల్లి ఆడదాని పొట్టను పొడిచి సంయోగం చేస్తుంది, ఆ గాయం మానడానికి ఆడదానికి సమయం కావాలి. గుంపులో మగవి ఎక్కువైతే ఆడవి తప్పించుకుని వేరే చోట దాక్కుంటాయి, గుడ్లు అక్కడే పెడతాయి. పక్క గదిలో కొత్త స్థావరం అలా మొదలవుతుంది.

ఎంత వేగంగా పెరుగుతాయి?

మన వాతావరణం వాటికి చాలా అనుకూలం. మన దగ్గర ఎక్కువగా ఉండేది ఉష్ణదేశపు నల్లి, శాస్త్రీయ నామం సైమెక్స్ హెమిప్టెరస్. చలిదేశాల్లో ఉండే సైమెక్స్ లెక్టులేరియస్‌కు దగ్గరి చుట్టం. ఆడది రోజుకు కొన్ని చొప్పున జీవితకాలంలో వందల గుడ్లు పెడుతుంది. గుడ్డు వేడి గదిలో వారం, పది రోజుల్లో పొదుగుతుంది. పిల్ల ఐదుసార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది, ప్రతిసారీ దానికి ఒక్కసారైనా రక్తం దొరకాలి. రోజూ మనిషి పడుకునే గదిలో ఇదంతా ఐదారు వారాల్లో అయిపోతుంది. గుడ్డు పొదిగే వారం, పది రోజుల లెక్క గుర్తుంచుకోండి, మందు సంగతి వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఇంటికి తాళం వేసి నెల రోజులు ఊరెళ్తే ఆకలికి చచ్చిపోవా?

చావవు. ఎదిగిన నల్లి రక్తం లేకుండా నెలల తరబడి బతుకుతుంది. చల్లటి చోట ఇంకా ఎక్కువ కాలం, మన ఎండాకాలపు వేడిలో కాస్త తక్కువ. వేసవి సెలవులకు ఖాళీ చేసిన హాస్టల్ గది జూన్‌లో తెరవగానే మొదటి రాత్రే కుట్టడం అందుకే. ఇంకో ప్రమాదం, మీరు ఊరెళ్ళేటప్పుడు బ్యాగులో కొన్నింటిని తీసుకెళ్తారు. అమ్మానాన్నల ఇల్లూ అయిపోతుంది.

వీటి వల్ల జబ్బులు వస్తాయా?

నల్లి కాటు వల్ల మనుషులకు జబ్బులు అంటుకుంటాయని రుజువు కాలేదు. దోమ మలేరియా, డెంగ్యూ తెస్తుంది. నల్లి ఆ విషయంలో మంచిదే. దురద, గోకితే పుండ్లు, కొందరికి ఎలర్జీ. చాలా ఎక్కువగా పట్టిన ఇంట్లో చంటిపిల్లలకు, ముసలివాళ్ళకు రక్తహీనత వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. అన్నిటికంటే పెద్ద నష్టం నిద్ర. నల్లులు పోయాక కూడా నెలల పాటు ఒంటి మీద ఏదో పాకినట్టు అనిపించి ఉలిక్కిపడి లేచేవాళ్ళున్నారు. అది పిచ్చి కాదు, అన్ని రాత్రులు సరిగ్గా నిద్రపోని మనిషికి అలా అనిపించడం సహజం.

దురదకు చల్లటి నీళ్ళగుడ్డ, కాలమైన్ లోషన్ చాలు. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

పరుపు ఎండలో వేస్తే పోతాయి కదా? మా నానమ్మ అలాగే చేసేది.

మీ నానమ్మ చేసింది సరైన పనే, ఎందుకంటే ఆవిడ చేతిలో ఉన్నది నులక మంచం. మంచాన్ని నడి వేసవిలో వాకిట్లో నిలబెట్టి, మంచం కోళ్ళు నేలకేసి కొట్టి, రాలినవాటిని చంపి, సందుల్లో మరిగే నీళ్ళు పోసేవాళ్ళు. అందులో ప్రతి పనికీ ప్రయోజనం ఉంది. ముఖ్యంగా మరిగే నీళ్ళకు నల్లి, గుడ్డు రెండూ చస్తాయి. మీ దగ్గరున్నది ఎనిమిది అంగుళాల ఫోమ్ పరుపు. రామగుండంలో 45 డిగ్రీల ఎండ కాసినా పైపొర కాలిపోతుంది తప్ప లోపల అంత వేడి చేరదు. పైన వేడెక్కగానే నల్లులు నీడ వైపు, కింది వైపు నడుస్తాయి.

లెక్క చెప్తాను. నల్లి చావాలంటే 48 డిగ్రీల వేడి దాదాపు 20 నిమిషాలు తగలాలి. గుడ్లకు అదే వేడి గంటన్నర కావాలి. 50 దాటితే నిమిషాల్లో పని అయిపోతుంది. ఆ వేడి గాలికి కాదు, నల్లి ఉన్న సందుకు చేరాలి. ఇది మనసులో పెట్టుకుంటే ఏది పని చేస్తుందో మీకే తెలుస్తుంది. నల్లటి ప్లాస్టిక్ సంచిలో బట్టలు పల్చగా నింపి, మూతి కట్టి, మే నెల మధ్యాహ్నం అద్దాలెత్తిన కారులో పెడితే పని జరుగుతుంది. సంచి కిక్కిరిసి ఉంటే నడిమధ్యలోవి బతుకుతాయి. ఆవిరి యంత్రం ఉంటే పరుపు కుట్ల వెంట, చెక్క సందుల వెంట చాలా నెమ్మదిగా పోనివ్వాలి, తొందరగా లాగితే వేడి దిగదు. హెయిర్ డ్రయ్యర్ వద్దు, అది నల్లుల్ని చంపేకంటే ఎగరగొట్టి చెదరగొట్టేదే ఎక్కువ.

కోడి కూసిన దగ్గర్నుంచి ఎండ చుర్రుమనే మా పల్నాడులో కూడా ఈ ఫోమ్ పరుపు ఎండలో వేసే పద్ధతి పని చేసిందని నమ్మకంగా చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు.

బట్టలు, దుప్పట్లు ఏం చేయాలి?

ఇది అన్నిటికంటే సులువైన భాగం, అయినా మందు కొట్టించాక చేద్దాంలే అని వాయిదా వేస్తారు. ముందే చేయాలి. గది లోపలే సంచుల్లో నింపి, మూతి కట్టి, ఆ తర్వాతే బయటికి తీయాలి. విడిగా చేతుల మీద మోసుకెళ్తే దారంతా చల్లుకుంటూ పోతారు. 60 డిగ్రీల నీళ్ళలో ఉతకాలి. మిషన్‌లో వేడినీళ్ళ సెట్టింగు లేకపోతే తట్టుకోగల దుప్పట్లను బకెట్లో మరిగే నీళ్ళు పోసి నానబెట్టండి. పట్టుచీరల్లాంటివి ఇస్త్రీకి తట్టుకుంటే మడతలు, కుట్లు వదలకుండా వేడి ఇస్త్రీ చేయించాలి. బట్టలారబెట్టే డ్రయ్యర్ ఉన్నవాళ్ళు ఫుల్ వేడి మీద అరగంట తిప్పితే చాలు. పుస్తకాలు, చెప్పులు, బొమ్మల్లాంటివి కవర్లో చుట్టి మైనస్ 18 డిగ్రీలకు చేరే డీప్ ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచొచ్చు. శుభ్రమైనవాటిని కొత్త సంచిలో కట్టి పెట్టండి, నల్లులు పోయేదాకా బీరువాలో సర్దకండి.

కిరోసిన్, వేపాకు, కర్పూరం, కలరా ఉండలు?

కిరోసిన్ నేరుగా పడిన నల్లి చస్తుంది. గుడ్లు చాలావరకు మిగులుతాయి. ఆరాక దాని ప్రభావం ఉండదు. కిరోసిన్ పట్టిన పరుపు మీద దోమల చక్రం వెలిగించుకుని పడుకునేవాళ్ళున్నారని తలచుకుంటేనే భయమేస్తుంది.

వేపాకు, పుదీనా, కర్పూరం వాసనకు కాస్త పక్కకు జరుగుతాయేమో గానీ ఇల్లు వదిలి పోవు. కలరా ఉండల వాసనతో నల్లులు పోవడం అటుంచి, ఆ ఆవిరి చంటిపిల్లలకు మంచిది కాదు. జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం) ఉన్న పిల్లలకైతే ఎర్రరక్తకణాలు పగిలి కామెర్లు రావచ్చు. గోడకు ప్లగ్ చేసే అల్ట్రాసౌండ్ పరికరాలు డబ్బు దండగ. బొద్దింకల స్ప్రే కంటికి కనబడిన నల్లిని చంపుతుంది, కనబడని వాటిని గది నలుమూలలకూ తరుముతుంది. నా లెక్కలో ఆ స్ప్రే మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది, ఎందుకంటే మంచం దగ్గరే ఉన్న సమస్యను హాలు దాకా తీసుకెళ్తుంది.

డయాటమేషియస్ ఎర్త్ అనే తెల్ల పొడి, సిలికా పొడి నిజంగా పని చేస్తాయి. నల్లి ఒంటి మీది మైనపు పొరను పాడు చేస్తే అది నీరు కోల్పోయి ఎండిపోతుంది. నెమ్మదిగా, రోజుల మీద. తేమ ఎక్కువుండే విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఇంకా నెమ్మది. సందుల్లో పల్చగా పూయాలి. పరుపు మీద పౌడరులా చల్లుకుంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పురుగుమందుల షాపు నుంచి ఘాటైన మందు తెచ్చి కొట్టేస్తే?

వద్దు. ఈ పేజీలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే. పొలం మందు పడకగదిలో కొట్టడం వల్ల నల్లుల కంటే ముందు మనుషులు ఆసుపత్రి పాలవుతారు. పొలంలో కొట్టిన మందు గాలికి, ఎండకు విరిగిపోతుంది. మూసిన గదిలో గోడలు, పరుపు పీల్చుకుని వారాల తరబడి వదులుతూనే ఉంటాయి. ఆ పరుపు మీదే ఎనిమిది గంటలు ముఖం ఆనించి పడుకుంటాం.

షాపులో నల్లి మందు అని అడిగితే ఇంకో చిక్కుంది. మిరప రైతులకు నల్లి అంటే ఆకు ముడత తెచ్చే ఎనిమిది కాళ్ళ జీవి. షాపతను ఇచ్చేది దాని మందు. మన మంచంలో ఉన్నది ఆరు కాళ్ళ పురుగు, దానికి ఆ మందు చాలావరకు పని చేయదు.

ఒకప్పుడు నువాన్ పేరుతో ఇళ్ళలో తెగ వాడిన డైక్లోర్వాస్‌ను మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. పాత సీసా ఎవరైనా తెచ్చిస్తే తీసుకోకండి.

అన్నిటికంటే ప్రమాదకరమైనవి బియ్యం బస్తాల గోడౌన్లలో వాడే బిళ్ళలు, అల్యూమినియం ఫాస్ఫైడ్. మూడు గ్రాముల బిళ్ళ ఒక్కటి గాలిలో తేమకు కరిగి ఒక గ్రాము ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది. దానికి విరుగుడు మందు లేదు. మీరు గది మూసి బయట పడుకున్నా, గోడ పగుళ్ళలోంచి, పైపుల్లోంచి పక్క వాటా పిల్లల దగ్గరికి చేరుతుంది. “ఒక్క రాత్రి బిళ్ళలు పెట్టి తలుపేస్తే అన్నీ చస్తాయి” అని ఎవరైనా సలహా ఇస్తే వాళ్ళు ఎంత దగ్గరివాళ్ళైనా వినకండి. ఇలా ఎక్కడైనా పెట్టారని తెలిసి, ఎవరికైనా వాంతులు, ఛాతీ బిగపట్టడం, ఆయాసం మొదలైతే అందరూ బయటికొచ్చి 108కి ఫోన్ చేయాలి, ఏ మందో డాక్టర్లకు చెప్పాలి.

పెస్ట్ కంట్రోల్ వాళ్ళను పిలిస్తే ఏమేం అడగాలి?

ఎన్నిసార్లు వస్తారని మొదట అడగండి. ఒక్కసారితో గ్యారంటీ అంటే ఇంకొకరిని చూసుకోండి. చాలా రకాల మందులు గుడ్లను చంపలేవు. అవి పొదిగాక, ఆ పిల్లలు పెద్దవై మళ్ళీ గుడ్లు పెట్టకముందే, అంటే రెండు వారాలకు కాస్త అటూఇటూగా రెండో విడత పడాలి. చాలాచోట్ల మూడోది కూడా అవసరమవుతుంది.

మందు పేరేమిటని అడగండి. “హెర్బల్ మేడమ్, వాసన ఉండదు” అనేది జవాబు కాదు. డబ్బా చూపించమనండి. లేబుల్ మీద లోపలున్న రసాయనం పేరు, ఇళ్ళలో వాడొచ్చన్న వివరం, విషతీవ్రతను చెప్పే రంగు త్రికోణం ఉంటాయి. ఎరుపు అన్నిటికంటే తీవ్రం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. పడకగదికి ఎరుపు, పసుపు డబ్బాలు తెచ్చినవాళ్ళను గుమ్మంలోనే ఆపండి. పురుగుమందుల చట్టం కింద ఈ పని చేసే సంస్థకు లైసెన్సు ఉండాలి. అదీ అడగండి, మొహమాటపడొద్దు.

వాళ్ళు వచ్చే ముందు మంచం విప్పి ఉంచాలి, బీరువా గోడకు దూరంగా జరిపి పెట్టాలి. వచ్చినతను పది నిమిషాల్లో నేల అంచుల వెంట కొట్టి వెళ్ళిపోతే అతను బొద్దింకలకు కొట్టినట్టే. నల్లుల పని చేసే మనిషి స్క్రూడ్రైవర్ తీస్తాడు.

మందు కొట్టిన రోజే ఇల్లంతా కడిగేయకండి, దాని అవశేషం మీద నడిస్తేనే నల్లులు చస్తాయి. ఎన్ని గంటల తర్వాత లోపలికి రావచ్చో రాసివ్వమనండి. ఇంట్లో గర్భిణి, చంటిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఉంటే ముందే చెప్పాలి. అక్వేరియం ఉంటే అది కూడా. ఇప్పుడు ఎక్కువగా కొట్టే పైరెథ్రాయిడ్ రకం మందులు చేపలకు చాలా విషం.

రెండుసార్లు కొట్టించినా పోలేదు. కల్తీ మందా?

కల్తీ కావొచ్చు గానీ, నల్లులకు మందులు అలవాటు పడిపోవడం పాత కథ. రెండో ప్రపంచయుద్ధం తర్వాత డీడీటీ వచ్చి నల్లుల్ని ఊడ్చేసింది. కొన్నేళ్ళకే దానికి లొంగనివి పుట్టుకొచ్చాయి. మన ఊళ్ళలో 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక ఇంటింటికీ డీడీటీ కొట్టి, గోడ మీద తేదీ రాసి వెళ్ళేవాళ్ళు. మొదట్లో దోమలతో పాటు నల్లులూ చచ్చాయని జనం సంతోషించారు. తర్వాత్తర్వాత డీడీటీ తగిలిన నల్లులు చావక, చిరాకుతో గోడల్లోంచి బయటికొచ్చి ఇంకా ఎక్కువ కుట్టడంతో, మందు కొట్టేవాళ్ళు నల్లుల్ని తెస్తున్నారని తలుపులు మూసుకున్న ఇళ్ళూ ఉన్నాయి. ఇప్పుడు ఎక్కువగా వాడే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి పైరెథ్రాయిడ్లూ అదే దారిలో ఉన్నాయి. పైగా డీడీటీ, పైరెథ్రాయిడ్లు నరాల మీద పని చేసే చోటు ఒక్కటే కాబట్టి, తాత తట్టుకున్నదాన్ని మనవడు సులువుగా తట్టుకుంటాడు.

అందుకని మూడోసారి అదే మందు డోసు పెంచి కొట్టమనడం వల్ల లాభం లేదు. వేరే తరగతి మందు అడగాలి, దానికి వేడి, పొడి, వెతుకులాట తోడవ్వాలి. ఒక్క మందు మీదే ఆధారపడిన ఇళ్ళలోనే ఈ తంటా సంవత్సరాల తరబడి నడుస్తుంది.

హాస్టల్లో ఉంటున్నా. నా మంచం ఒక్కటీ బాగు చేసుకుంటే సరిపోతుందా?

సరిపోదు, కానీ ఈ రాత్రి నిద్ర పడుతుంది. మంచం గోడకు ఒక అడుగు దూరం జరపండి. దుప్పటి, దోమతెర నేలను తాకకూడదు. మంచం కింద బ్యాగులు తీసేయండి. మంచం కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టడం పాత పద్ధతే, మంచిదే. సబ్బు నీళ్ళైతే ఇంకా మంచిది. ఆన్‌లైన్‌లో అమ్మే నున్నటి ప్లాస్టిక్ ట్రాప్‌లు చలిదేశపు నల్లికి బాగా పని చేస్తాయి గానీ, మన ఉష్ణదేశపు నల్లి పాదాల దగ్గర అతుక్కునే వెంట్రుకలు ఎక్కువ, నున్నటి గోడలు కూడా ఎక్కగలదు. కాబట్టి అందులో నల్లులు పడలేదంటే గదిలో లేవని అనుకోకండి.

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ లాంటి చోట్ల ఒక గదికి నలుగురైదుగురు ఉండే హాస్టళ్ళలో మందు కొడితే మొత్తం గదికి, రెండు పక్క గదులకు, పైన కింద గదులకు కలిపి కొట్టాలి. ఓనర్‌తో ఒక్కరే మాట్లాడితే “నీ బ్యాగులోంచే వచ్చాయి” అంటాడు. గదిలో అందరూ కలిసి, మంచం పైపుల్లోంచి రాలినవాటిని ఫోటో తీసి మాట్లాడండి. అప్పటిదాకా పక్క గదిలో ఫ్రెండ్ మంచం మీదికి పడకకు వెళ్ళకండి. నల్లుల్ని మోసుకెళ్ళడమే కాదు, మీ మంచంలో ఉన్నవి ఆకలికి మిమ్మల్ని వెతుక్కుంటూ బయల్దేరతాయి. కష్టమే గానీ, బాగుచేసిన మీ మంచం మీదే పడుకోండి.

బొద్దింకలు, చీమలు నల్లుల్ని తింటాయట కదా?

తింటాయి. అంతమాత్రాన వాటిని పెంచుకోలేం కదా.

పరుపు పారేయాల్సిందేనా?

చాలాసార్లు అవసరం లేదు. పరుపు మొత్తాన్ని కప్పి జిప్పు పూర్తిగా మూసుకునే కవరు వేస్తే లోపలివి బయటికి రాలేవు, అలా ఏడాది పైగా ఉంచాలి. చిరిగిపోయి, దూది బయటపడిన పాత పరుపైతే పారేయడమే మేలు. అయితే మొత్తం గదికి వైద్యం జరిగే రోజే పారేయాలి. ముందే కొత్త పరుపు కొని తెస్తే మంచంలో ఉన్నవి దాన్నీ పట్టేస్తాయి. పారేసేదాన్ని కత్తితో కోసి, మీద నల్లులున్నాయని పెద్దగా రాయండి. లేకపోతే సాయంత్రానికల్లా అది ఇంకొకరి ఇంట్లో ఉంటుంది.

ప్రయాణాల్లో ఏం జాగ్రత్తలు?

లాడ్జిలో దిగగానే బ్యాగు మంచం మీద పడేయకండి. బాత్రూములో టైల్స్ మీద పెట్టి, దుప్పటి మూలలెత్తి పరుపు కుట్లు, తలవైపు చెక్క అంచులు టార్చితో చూడండి. రెండు నిమిషాల పని. స్లీపర్ బస్సులో వెళ్తే ఇంటికి రాగానే బట్టలు నేరుగా వేడినీళ్ళలోకి, బ్యాగు ఎండలోకి. బ్యాగు చక్రాల సందులు, హ్యాండిల్ దిగే గాడి చూడటం మరవకండి.

మా అబ్బాయి అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నాడు. అక్కడ కూడా నల్లులంటున్నాడు!

బాగానే ఉంటాయి. అక్కడివి చలిదేశపు రకం. కొత్తగా వెళ్ళిన మన పిల్లలు అపార్ట్‌మెంట్ చెత్తకుండీ పక్కన మంచి పరుపు కనబడిందని తెచ్చుకుంటారు. అది ఎందుకు పారేశారో అడిగే మనిషి అక్కడ ఉండడు. కొనలేకపోతే గాలి పరుపు మీద కొన్నాళ్ళు పడుకోమనండి.

అద్దె ఇంట్లో కనబడిన రోజే ఇంటి యజమానికి ఈమెయిల్ పెట్టాలి. నోటిమాట చాలదు, తేదీతో రాతలో ఉండాలి. ఖర్చు ఎవరిదన్నది రాష్ట్రాన్ని బట్టి, అగ్రిమెంటును బట్టి మారుతుంది. న్యూయార్క్ నగరంలో అయితే కొత్తగా అద్దెకు వచ్చేవాళ్ళకు ఆ ఇంట్లో, ఆ భవనంలో గడిచిన ఏడాదిలో నల్లులు ఉన్నాయో లేదో యజమాని రాసివ్వాలని 2010 నుంచి నిబంధన ఉంది. సంతకం పెట్టే ముందు ఆ కాగితం అడగమనండి. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు, న్యాయసహాయ విభాగం ఉంటే వాళ్ళూ సాయం చేస్తారు. మొహమాటపడి సొంతంగా ఫాగర్ డబ్బాలు తెచ్చి పేల్చొద్దని గట్టిగా చెప్పండి. ఆ పొగ సందుల్లోకి పోదు, నల్లులు చావవు, ఆ డబ్బాల వల్ల మంటలు అంటుకున్న సందర్భాలూ ఉన్నాయి.

సెలవులకు ఇంటికొచ్చినప్పుడు సూట్‌కేసు పడకగదిలోకి తేకుండా బాల్కనీలోనే విప్పించండి. అలిగితే అలగనివ్వండి.

పూర్తిగా పోయాయని ఎప్పుడు అనుకోవచ్చు?

చివరి విడత మందు పడ్డాక రెండు నెలల పాటు కొత్త చుక్కలు, కుబుసాలు, బతికిన నల్లి ఏవీ కనబడకపోతే పోయినట్టే లెక్క. కాట్లు ఆగాయా లేదా అన్నది లెక్కలోకి తీసుకోకండి, మధ్యలో దోమ కుట్టినా టెన్షన్ మొదలవుతుంది. అందుకే వైద్యం పూర్తయ్యాక పాత రెట్టల మరకలన్నీ సబ్బునీళ్ళతో తుడిచేయండి, తర్వాత ఏ చుక్క కనబడినా అది కొత్తదని తెలుస్తుంది. వారానికోసారి, వీలైతే దుప్పటి మార్చే రోజు, పరుపు నాలుగు మూలలు, మంచం కీళ్ళు చూడండి. లేత రంగు దుప్పటి వేసుకోండి. ఆరో వారంలో ఒక్క నల్లి కనబడినా కంగారుపడి మొదటికొచ్చిందని అనుకోకండి. దాన్ని టేపుతో కాగితానికి అతికించి, ఎక్కడ దొరికిందో రాసి, పెస్ట్ కంట్రోల్ అతనికి చూపించండి. ఈసారి ఎక్కడ విప్పాలో అతనికి తెలుస్తుంది.